అల్లుడుగారి మట్టికి కొత్త బకెట్

మా అత్తగారి నారింజ తోటను వేళ్ళతో సహా పీకించవలసిందేనని చెప్పినవాణ్ణి నేనే. అదీ ఫోనులో చెప్పాను. మోకాలికి ఆపరేషన్ చేయించుకొని, కాలు స్టూలు మీద చాపుకొని, ఒళ్ళో ప్రయోగశాల రిపోర్టు పెట్టుకొని, న్యాయమూర్తి తీర్పు చదివినంత నిదానంగా చెప్పాను. అవతల మా బావమరిది వాదించలేదు. అతను వాదించకుండా ఉండటం మా కుటుంబంలో ఎవరూ ఎరగని సంగతి. "మీరు చెప్పారంటే ఇంక తిరుగులేదు బావగారూ. అమ్మకు నేనే చెప్తాను" అని ఫోను పెట్టేశాడు.

నేను మట్టి పరీక్షల శాఖలో చిన్న ఉద్యోగిగా చేరి, ఆ శాఖకే పెద్దగా పదవీ విరమణ చేసినవాణ్ణి. ఏ నేలలో ఏ పోషకం తగ్గింది, ఏ పంటకు ఏ ఎరువు ఎప్పుడు ఎంత వెయ్యాలి అన్నది చెప్పడమే నా జీవితకాలపు పని. మా బంధువుల్లో ఎవరి పెరట్లో మిరపమొక్క ముడుచుకున్నా కబురు ముందు నాకే వచ్చేది. "మనుషుల జబ్బులకు డాక్టర్లున్నారు, మట్టి జబ్బులకు మా బావగారున్నారు" అని బావమరిది నలుగురిలో నన్ను పరిచయం చేసేవాడు. ఆ మాట వినడం నాకు ఇష్టంగానే ఉండేది.

బావమరిదిని మా ఇళ్ళలో అందరూ తుఫాను అంటారు. అతనికి నడవడం రాదు, పరుగెత్తడమే వచ్చు. మామగారు పోయాక తోట చేతికి తీసుకొని, తండ్రి చెట్లకు తిండి తక్కువైందని ఎవరూ అనకూడదని ఏటేటా భాస్వరం ఎరువును బస్తాలకు బస్తాలు గుమ్మరించాడు. వద్దంటే ఆ ఏటికి మానేవాడు; మరుసటి ఏడు మళ్ళీ మొదలు. అలాంటి తోటలో ఆకులు పసుపెక్కి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలి, కొత్త చిగుళ్ళు చిన్నవై, కొమ్మ చివర గుత్తులుగా నిలబడుతున్నాయని ఫోను చేశాడు. ఫొటోలు కూడా పంపాడు. అవి పరుగెత్తుతూ తీసినవని చూడగానే తెలిసింది.

ఆకులు అలా మారడానికి ముఖ్యంగా రెండు కారణాలుంటాయి. ఒకటి నేలలో జింకు లోపం. చెట్టుకు కావలసిన జింకు చిటికెడుకు మించదు, కాని ఆ చిటికెడు లేకపోతే ఆకు ఎదగదు. దానికి పిచికారీ చేస్తే సరిపోతుంది. రెండోది గ్రీనింగ్ తెగులు. చెట్టు నాళాల్లో చేరిన సూక్ష్మజీవి వల్ల వచ్చేది. దానికి మందు లేదు. ఒక చెట్టు నుంచి మరో చెట్టుకు పురుగు మోసుకుపోతుంది కనుక, జబ్బు చెట్లను తీసేయకపోతే చుట్టుపక్కల తోటలన్నీ దెబ్బతింటాయి. దూరం నుంచి చూసేవాళ్ళకు ఆ రెండింటి ఆకులూ కవల పిల్లల్లా ఉంటాయి.

అందుకే మట్టి పరీక్షకు పంపమన్నాను. "తోటలో పలుచోట్ల తవ్వి, శుభ్రమైన బకెట్‌లో కలిపి, నీడలో ఆరబెట్టి పంపు" అని చెప్పాను. రిపోర్టు నేరుగా నాకే వచ్చింది. భాస్వరం విపరీతం, అది ఊహించినదే. జింకు మాత్రం పుష్కలం. ఆ మట్టికి అంత జింకు ఎక్కడిదా అని ఒక్క క్షణం అనుకున్న మాట నిజం. తుఫాను వాడే తెగుళ్ళ మందుల్లో ఒకదానిలో జింకు ఉంటుంది, అది నేల మీద పడి ఉంటుందని సమాధానపడ్డాను. జింకు ఉంది కనుక లోపం కాదు. లోపం కాదు కనుక తెగులు. తెగులును నిర్ధారించే ఆకు పరీక్ష వేరే ఉన్నా, పక్క తోటలవాళ్ళు రోజూ వచ్చి తుఫాను గుమ్మం ముందు నిలబడుతున్నారు. దానికి ఆగకుండా తీర్పు చెప్పేశాను.

ఆ సాయంత్రం మా ఆవిడ టీ కప్పు నా పక్కన పెట్టి, కూర్చోకుండా నిలబడింది. ఆమె అలా నిలబడిందంటే సంగతి చిన్నది కాదని నాకు తెలుసు.

"అవి నాన్న నాటిన చెట్లండీ" అంది.

"తెలుసు. ఎవరు నాటారో చూసి తెగులు వెనక్కి పోదు కదా."

"తెగులు సంగతి నాకు తెలియదు. అమ్మ సంగతి తెలుసు. తమ్ముడు చెబితే ఒక్క మాట ఎదురు అనలేదట. 'అల్లుడుగారు అన్నారంటే చూసే అని ఉంటారు' అందట. ఇంతకీ మీరు చూశారా?"

"రిపోర్టు చూశాను."

"రిపోర్టు పూసిందా, కాసిందా? చెట్లు పీకే యంత్రం వచ్చే రోజున మీరు అమ్మ పక్కన ఉండాలి. ఫోనులో ఆ మాట చెప్పేసి తలుపు వేసుకుంటానంటే నేను ఒప్పుకోను. కర్ర పట్టుకుంటారో, నా భుజం పట్టుకుంటారో, మీ ఇష్టం."

కర్రే పట్టుకున్నాను.

మేము చేరేసరికి మధ్యాహ్నం దాటింది. యంత్రం మరునాటి ఉదయం వస్తుందని తుఫాను చెప్పాడు. అత్తగారు పొడవాటి వరండాలో పీట మీద కూర్చొని బఠాణీలు ఒలుస్తున్నారు. నన్ను చూడగానే గిన్నె పక్కన పెట్టి లేచారు.

"రండి బాబూ. ఆ మెట్టు దగ్గర ఆగండి, ఎత్తుగా ఉంటుంది. ఒరేయ్ తుఫానూ, బావగారికి చెయ్యందించరా, చూస్తావేం?"

"ఇస్తున్నానమ్మా. కొత్త మోకాలు ఎలా ఉంది బావగారూ? పాతది ఏం చేశారు? మీ ఎరువుల గుంటలో వేశారా?"

"నీ నోరు కూడా తెస్తే కలిపి వేద్దామని ఆగానోయ్" అన్నాను.

"అది వేస్తే ఆ గుంటే పారిపోతుంది" అని మా ఆవిడ లోపలికి పోతూ అంది.

అందరూ నవ్వారు. అత్తగారూ నవ్వారు. నా కుర్చీ గోడ వారగా వేయించారు, కాలు చాపుకోవడానికి పీట తెప్పించారు, దాని మీద దిండు పెట్టించారు. చెట్ల మాట మాత్రం ఎత్తలేదు. ఆవిడ ఎత్తకపోవడమే నాకు కష్టంగా తోచింది.

ఆ వరండా గురించి ఒక మాట చెప్పాలి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా ప్రయోగశాల అంటే కారే పైకప్పు కింద రెండు గదులు. పరీక్షకు వచ్చిన మట్టి ముందు నీడలో ఆరాలి. తడి మట్టితో ఏ పరీక్షా సరిగ్గా రాదు. ఆ ఏడు వానలు పట్టి వదలలేదు. రైతులు తెచ్చిన సంచులు గోడ పక్కన గుట్టగా పేరుకుపోయి బూజు పట్టే స్థితికి వచ్చాయి. అప్పటికి మాకు పెళ్ళయి ఎంతో కాలం కాలేదు. సంగతి విన్న అత్తగారు, "మా వరండా ఖాళీగానే ఉంది, తెచ్చి పరవండి బాబూ" అన్నారు. పాత పేపర్లు వరసలుగా పరిచి, వాటి మీద మట్టి పోసి, ఒక్కో కుప్ప ముందు దాని చీటీ పెట్టి, చీటీ ఎగరకుండా గులకరాయి పెట్టారు. రోజుకు కొన్నిసార్లు ఆ వరసల వెంట వంగి నడుస్తూ, చేత్తో మట్టి తిరగేస్తూ, ఒక కుప్ప నుంచి మరో కుప్పకు పోయేటప్పుడు చెయ్యి కడుక్కొనేవారు. అలా కడుక్కోమని నేను చెప్పలేదు. కోళ్ళను తోలడానికి బెత్తం ఒకటి ఎప్పుడూ పక్కనే ఉండేది.

పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసి, "మీ అల్లుడిది ఏం ఉద్యోగమండీ, మట్టి ఆరబెట్టుకోవడమా?" అంది ఒకసారి.

"అవునమ్మా. మీరు బట్టలు ఆరేస్తారు, మా అల్లుడుగారు ఊళ్ళు ఆరేస్తారు" అన్నారు అత్తగారు, తలెత్తకుండా.

ఆ మాట లోపలి గదిలో కూర్చొని విన్నాను. ఆ ఏడు ఆ వరండాలో ఆరిన మట్టి ఫలితాలతోనే శాఖలో నా పేరు నిలబడింది. దానికి నేను ఆవిడకు కృతజ్ఞత చెప్పుకున్నది లేదు. ఇంట్లోవాళ్ళకు థాంక్స్ చెప్పడం మనకు అలవాటు కాదు. చెబితే వాళ్ళను పరాయివాళ్ళను చేసినట్టుంటుంది. కనుక అది అలాగే నాలో ఉండిపోయింది, తీరక, తరగక.

ఎండ వాలాక తోట చూస్తానన్నాను. తుఫాను ముందు, నేను కర్రతో వెనక, అత్తగారు నా పక్కన నడిచారు. చెట్లు నిజంగానే దీనంగా ఉన్నాయి. మొదటి వరస దగ్గర ఆవిడ ఆగి, ఒక మొదలు మీద చెయ్యి వేశారు.

"ఈ వరస మీ మామగారు స్వయంగా నాటింది బాబూ. ఆయన గుంట తవ్వితే నేను నీళ్ళు మోశాను." చెయ్యి తీయకుండానే అడిగారు: "రేపు ఎటువైపు నుంచి మొదలుపెడతారు?"

తుఫాను తల గోక్కున్నాడు. "డ్రైవరు ఇష్టం అమ్మా. రోడ్డు వైపు నుంచి అనుకుంటా."

"వద్దు. ఈ వరసతోనే మొదలుపెట్టమను. రోడ్డు వైపు నుంచి అయితే ఇక్కడికి వచ్చేసరికి సాయంత్రం అవుతుంది. అంతసేపూ ఆ చప్పుడు వింటూ కూర్చోలేను. ముందు దీన్ని తీసేస్తే, తర్వాత ఏమైనా వినగలను."

ఆవిడ నాతో వాదించి ఉంటే జవాబులన్నీ నా దగ్గర సిద్ధంగా ఉన్నాయి. చెట్లు తీయడంలో న్యాయం, పక్క తోటల క్షేమం, శాస్త్రం, అన్నీ. ఆవిడ అడిగింది వాటిలో దేనికీ అందలేదు. ఏదో పని ఉన్నట్టు చెయ్యి చాపి ఒక ఆకు తెంపాను.

చేతిలో ఆకు ఉంటే నా వేళ్ళు ఊరికే ఉండవు. నడిమి ఈనె వెంట దాన్ని మడిచాను. మడిచి, విప్పి, వాలుతున్న ఎండకు ఎదురుగా పట్టుకున్నాను. ఈనెకు ఎడమన పసుపు ఎలా పాకిందో, కుడిన కూడా సరిగ్గా అలాగే పాకింది. ఇటు సగానికి అటు సగం అద్దంలో నీడలా ఉంది.

మరో ఆకు తెంపాను. అదీ అంతే. పక్క చెట్టు ఆకు, దాని పక్క చెట్టు ఆకు. అన్నీ అంతే.

గ్రీనింగ్ తెగులు వచ్చిన ఆకు అలా ఉండదు. దాని మచ్చలు అడ్డదిడ్డంగా, ఈనెకు ఒకవైపు ఒక రకంగా, రెండోవైపు ఇంకో రకంగా ఉంటాయి. తెగులుకు వావి వరస ఉండదు. ఆకలికి మాత్రం ఎప్పుడూ ఒక క్రమం ఉంటుంది. లోపం ఉన్న ఆకు రెండువైపులా ఒకేలా పాలిపోతుంది. పరుగెత్తుతూ తీసిన ఫొటోల్లో ఈ తేడా కనిపించే వీలే లేదు.

"ఒరేయ్, ఒక కాయ కొయ్యి. కత్తి ఉందా?" అన్నాను. కంగారులో బావమరిదిని ఒరేయ్ అన్నానని తర్వాత తట్టింది.

అతను కాయ తెచ్చాడు. కత్తి అత్తగారి కొంగు ముడిలో ఉంది. నిలువునా కోసి చూశాను. కాయ చిన్నదే, కాని నడిమి భాగం తొడిమ నుంచి అడుగు దాకా గీత గీసినట్టు తిన్నగా ఉంది. గింజలు నిండుగా, తెల్లగా ఉన్నాయి. తెగులు చెట్టు కాయ ఒకవైపుకు వంకర పోతుంది, గింజలు నల్లబడి ముడుచుకుపోతాయి. అత్తగారు ఒక తొన నోట్లో వేసుకున్నారు.

"పుల్లగా ఉంది బాబూ, చేదు మాత్రం లేదు."

"చేదు ఉండాలి" అన్నాను. "తెగులైతే చేదు ఉండాలి."

తుఫాను నన్నూ కాయనూ మార్చి మార్చి చూశాడు. "అంటే ఏమిటి బావగారూ? మీరే పీకమన్నారు. యంత్రంవాడితో నేను మాట్లాడేశాను. పక్క తోటాయనకు మాటిచ్చాను. ఇప్పుడు చేదు లేదంటారు!"

"ఆకు ఒకటి చెబుతోంది, కాగితం ఇంకొకటి చెబుతోంది. ఈ చెట్లకు జింకు అందడం లేదు. రిపోర్టులోనేమో జింకు దండిగా ఉంది. రెండూ నిజం కావడానికి వీల్లేదు."

"ఏది అబద్ధం మరి?"

"తెలియదు. మళ్ళీ మట్టి తీద్దాం. ఈసారి నా కళ్ళ ముందు. ఏదైనా తొట్టి తీసుకురా."

అతను కదలకముందే అత్తగారు కదిలారు. "ఆగరా. బాబూ, మీ బకెట్ నేను తెస్తాను, ఉండండి."

"నా బకెట్ ఏమిటండీ?"

"మీ మట్టికని విడిగా పెట్టిందే" అంటూ ఇంటివైపు నడిచారు. ఆ వయసులో ఆవిడ అంత చురుగ్గా నడవడం చూసి, కొడుక్కి ఆ పరుగు ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమైంది.

తిరిగి వచ్చేటప్పుడు రెండు చేతులతో గుండెకు ఆనించుకొని, ఉతికిన తుండుగుడ్డ చుట్టిన బకెట్‌ను తెచ్చారు. గుడ్డ విప్పారు. కొత్త రేకు బకెట్. వెండిలా మెరుస్తోంది. దాని ఒంటి మీద పూత తెల్లని రెక్కలు పరుచుకున్నట్టు పూలుపూలుగా కనిపిస్తోంది.

మోకాలి సంగతి మరిచిపోయి నేలమీద కూలబడ్డాను.

"బావగారూ! ఏమైంది?"

"ఏమీ కాలేదు. కిందటిసారి మట్టి కలిపింది ఇందులోనేనా?"

"ఇందులోనే" అన్నాడు తుఫాను. "నేను ఆ ఎరువుల కొట్టం దగ్గర పగిలిన ప్లాస్టిక్ తొట్టి ఉందే, అది పట్టుకుపోతుంటే అమ్మ గుమ్మంలో అడ్డం నిలబడింది. 'అల్లుడుగారి మట్టికి ఆ పగిలిన తొట్టా? సిగ్గు లేదురా నీకు?' అని తిట్టి, అటక మీంచి దీన్ని దింపించింది. దింపి రుద్ది రుద్ది కడిగింది. అప్పటిదాకా ఎవరినీ ముట్టుకోనిచ్చింది కాదు."

"మట్టి ఇందులో ఎంతసేపు ఉంది?"

ఈసారి అత్తగారే చెప్పారు. "ఆరేదాకా ఇందులోనే ఉంచాను బాబూ. తడిగా ఉంది కదా. నీడలో వరండాలో పెట్టి, రోజూ చేత్తో అడుగు నుంచి తిరగేశాను. వెనకటిలా పేపర్ల మీద పరిచేదాన్నే, కాని మీరు శుభ్రమైన బకెట్ అన్నారటగా. దీనికంటే శుభ్రమైనది మన ఇంట్లో లేదు."

ఆ మెరుపంతా జింకే. ఇనుప రేకు తుప్పు పట్టకుండా వేసే పూత అది. తడి మట్టిని అందులో పోసి, కొత్త పూతకు రాసుకునేట్టు రోజూ తిరగేస్తే, కంటికి ఆనని ఆ రజను మట్టిలో కలుస్తుంది. చెట్టు మొత్తం కోరుకునేదే చిటికెడు అయినప్పుడు, పిడికెడు నమూనాను పాడు చేయడానికి ఎంత కావాలి? మా శాఖలో ఇది కొత్తవాళ్ళకు మొదట చెప్పే పాఠాల్లో ఒకటి. రేకు బకెట్ తప్ప ఏదైనా సరే, అని. ఫోనులో చెప్పేటప్పుడు శుభ్రమైన బకెట్ అంటే చాలనుకున్నాను. శుభ్రం అన్న మాటకు మా అత్తగారి ఇంట్లో ఎంత విలువ ఉంటుందో ఆలోచించలేదు.

అక్కడే కూర్చొని ప్రయోగశాలకు ఫోను చేశాను. ఇప్పుడు అక్కడ బాధ్యురాలిగా ఉన్న అమ్మాయి నా దగ్గర పని నేర్చుకున్నదే.

"సార్, మోకాలు ఎలా ఉంది?"

"మోకాలు బాగుందమ్మా. మా తోట మట్టిలో జింకు అంత ఎక్కువ వస్తే నీకు అనుమానం రాలేదా?"

"వచ్చింది సార్. అందుకే రెండోసారి కూడా చేశాను. రెండుసార్లూ ఒకటే వచ్చింది."

"మట్టి ఏ పాత్రలో కలిపారని అడగలేదేం? ప్రతి నమూనాకూ అడగాలి కదా?"

"అందరినీ అడుగుతాం సార్. మీ ఇంటి నుంచి వచ్చిన మట్టి కదా... మీకే పాఠం చెప్పినట్టుంటుందని అడగలేదు. తప్పే సార్."

"అత్తగారు అల్లుడి మీద గౌరవంతో బకెట్ మార్చారు, నువ్వు మాస్టారి మీద గౌరవంతో ప్రశ్న మానేశావు. మీ ఇద్దరి మధ్యా నా చెట్లు పోయేవి తల్లీ" అన్నాను. ఆ అమ్మాయి నవ్వాలో వద్దో తెలియక "సార్" అంది. నేనే నవ్వాను. ఆ నవ్వు నా గొంతులోంచి చాలా రోజుల తర్వాత వచ్చింది.

అత్తగారు బకెట్ పట్టుకొని అలాగే నిలబడి ఉన్నారు. ఫోనులో మాటలన్నీ విన్నారు. ఆవిడకు దాచి చెప్పడం నాకు చేతకాలేదు. దాచితే ఆవిడకు అవమానం కూడా.

"అత్తయ్యగారూ, చెట్లకు తెగులు లేదు. ఆకలి ఉంది. ఈ బకెట్ పూత మట్టిలో కలిసి, ఆకలి లేదని చెప్పింది."

ఆవిడ బకెట్‌ను అటూ ఇటూ తిప్పి చూశారు. "అయితే రేపు వాటిని పీకరా?"

"పీకం."

ఆవిడ బకెట్ కింద పెట్టి, కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. ఒత్తుకొని, వెంటనే మామూలు గొంతుతో, "తప్పు నాదా బాబూ, బకెట్‌దా?" అన్నారు.

"మీ ఇద్దరిదీ కాదు. నాకిచ్చిన మర్యాదది."

"అయితే ఇకనుంచి మీకు మర్యాద తగ్గిస్తాను, ఉండండి" అన్నారు. "ఒరేయ్, బావగారికి ఆ పగిలిన తొట్టి తీసుకురా!"

తుఫాను పరుగెత్తాడు. ఆ సాయంత్రం వెలుగు ఉన్నంతసేపూ, పగిలిన తొట్టిని కడిగి, అందులో చెక్క పుల్లతో కలుపుతూ, కొత్త నమూనా తీశాం. తెగులు పరీక్షకు ఆకులు కూడా విడిగా కట్టాం.

ఉదయం చెప్పిన వేళకే యంత్రం వచ్చింది. వెనకే పక్క తోటాయన వచ్చి చేతులు కట్టుకొని నిలబడ్డాడు. ఆయనకు ఆకు మడిచి చూపించాను, కాయ కోసి చూపించాను, పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆగమన్నాను. ఆయన తన తోట ఆకు ఒకటి జేబులోంచి తీసి, "ఇది కూడా మడవండి సార్" అన్నాడు. ఆయన ఆకు కూడా ఆకలితోనే ఉంది. అప్పటినుంచి ఆయన మా పక్షం.

డ్రైవరుకే ఏం చేయాలో తోచలేదు. "సార్, పీకమంటే పీకుతాను, వద్దంటే పోతాను. మధ్యలో నిలబెడితే బండికి ఒళ్ళు నొప్పులొస్తాయి."

"వచ్చిన బండిని ఉత్తగా పంపడం ఎందుకు? వరసల మధ్య ఇక్కడొక లోతైన గొయ్యి తవ్వు" అన్నాను.

"గొయ్యి ఎవరికి బావగారూ?" అన్నాడు తుఫాను భయంగా.

"నీ భాస్వరం బస్తాలకు."

తవ్విన గోతి గోడ చూస్తే నేల లోపలి పొరలు పుస్తకం పుటల్లా కనబడ్డాయి. పైన మంచి నల్లమట్టి; దాని కిందనే తెల్లని సున్నపు గడ్డల పొర. సున్నం ఎక్కువైన నేలలో ఉన్న కాస్త జింకు కూడా వేళ్ళకు అందదు. దాని మీద భాస్వరం ఎరువు కుప్పలు పోస్తే చెట్టు ఆ జింకును అసలే తీసుకోలేదు. మామగారి కాలంలో పశువుల ఎరువు దండిగా పడేది కనుక ఆ సంగతి బయటపడలేదు. ఇదంతా తుఫానుకు ఆ గోతి అంచున నిలబెట్టి చెప్పాను. అతను మొదటిసారి మధ్యలో మాట్లాడకుండా విన్నాడు.

"అంటే నేను తిండి పెట్టి పస్తులుంచానా, బావగారూ?" అన్నాడు చివరికి.

"ప్రేమతో పెట్టావు. కొలత లేకుండా పెట్టావు. ఇప్పుడు కొలిచి పెడదాం."

కొద్ది రోజులకు ఫలితాలు వచ్చాయి. జింకు ఉండవలసిన దానిలో సగం కూడా లేదు. ఆకుల్లో తెగులు లేదు. భాస్వరం ఆపించాను. చివికిన పశువుల ఎరువు పాదుల్లో వేయించాను. జింకు సల్ఫేటును నీళ్ళలో కరిగించి, ఆకు మాడకుండా సున్నపు తేట కలిపి, చిగుళ్ళు వేసే వేళకు పిచికారీ చేయించాను. "మోతాదు రెట్టింపు చేస్తే రెట్టింపు తొందరగా..." అని తుఫాను నోరు తెరవగానే అత్తగారు కోళ్ళు తోలే బెత్తం కోసం చుట్టూ చూశారు. అతను మూసేశాడు.

మేము మళ్ళీ వెళ్ళేసరికి నాకు కర్ర అక్కరలేకపోయింది. అత్తగారు మెట్ల దగ్గర ఆగనివ్వకుండా నేరుగా తోటలోకి తీసుకుపోయారు. మొదటి వరసలో కొత్త చిగుళ్ళు వెడల్పుగా, ముదురాకుపచ్చగా, ఎండకు నూనె రాసినట్టు మెరుస్తున్నాయి. పాత ఆకులు ఇంకా పసుపుగానే ఉన్నాయి. అవి మారవు, రాలిపోతాయి. ఆవిడ ఒక కొత్త ఆకు తెంపి, నేను మడిచినట్టే ఈనె వెంట మడిచి, కంటికి దగ్గరగా పెట్టుకొని చూసి నాకు అందించారు.

"చూపు ఆనడం లేదు. రెండువైపులా ఒకటేనా బాబూ?"

"ఒకటేనండీ. రెండువైపులా ఆకుపచ్చే."

"మీ వల్లే."

"కాదు అత్తయ్యగారూ" అన్నాను. ఎప్పటినుంచో నాలో ఉండిపోయిన మాట అప్పుడు దానంతట అదే బయటికి వచ్చింది. "ఆ వానల్లో మీ వరండా లేకపోతే నాకు ఈ పని ఉండేది కాదు. ఏ చీటీ ఏ కుప్పదో ఒక్కటి కూడా మారనివ్వలేదు మీరు. నా దగ్గర ఉన్నదంతా ఆ పేపర్ల మీద ఆరింది."

"ఏమిటి బాబూ, పరాయివాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడుతున్నారు? ఎండ తగిలిందా? పదండి లోపలికి" అన్నారు. అని, నడుస్తూ నడుస్తూ నా మోచెయ్యి పట్టుకున్నారు. ఇల్లు చేరేదాకా వదల్లేదు.

తర్వాత కాపుకు ఆ తోట నుంచి మా ఇంటికి నారింజలు వచ్చాయి. తెచ్చింది తుఫాను, తెచ్చిన పాత్ర ఆ రేకు బకెట్. దాని మీద అదే తుండుగుడ్డ. "పళ్ళకైతే ఫర్వాలేదు కదా అని అమ్మ అడగమంది. ఫర్వాలేదంటేనే దించమంది, లేకపోతే వెనక్కి తెమ్మంది" అన్నాడు గుమ్మంలోనే నిలబడి. ఫర్వాలేదన్నాను. అప్పుడు దించాడు.

ఈ ఏడు తోట మట్టిని నేనే స్వయంగా తీసి, నేనే ప్రయోగశాలకు పట్టుకువెళ్ళాను. నమూనాలు తీసుకునే బల్ల దగ్గర ఆ అమ్మాయే ఉంది. లేచి నిలబడి నమస్కారం పెట్టింది, కుర్చీ చూపించింది, సంచి అందుకుంది. చీటీ రాయబోతూ కలం ఆపి, నా ముఖంలోకి నేరుగా చూసి, చుట్టూ ఉన్నవాళ్ళందరికీ వినబడేట్టు అడిగింది:

"సార్, ఏ పాత్రలో కలిపారు?"

నా దగ్గర పని నేర్చుకున్న వాళ్ళలో ఎవరూ నాకు అంతకంటే పెద్ద గౌరవం చేయలేదు.

"పగిలిన ప్లాస్టిక్ తొట్టిలో తల్లీ" అన్నాను. "మా అత్తగారిది."